వజ్రం ఎక్కివచ్చిన బస్సు: కింబర్లైట్ కథ, మన తిరుపతి కొండల లెక్క

పోయిన జూన్‌లో తొలకరి పడ్డ వారానికి మా బావ కర్నూలు జిల్లా జొన్నగిరికి వెళ్లొచ్చాడు. మూడు రోజులు చేలల్లో వంగి నడిచి, నడుం పట్టేసుకుని, జేబులో ఒక కర్పూరం డబ్బాతో తిరుపతిలో బస్సు దిగాడు. ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా డబ్బా మూత తీశాడు. లోపల దూది. దూదిలో రేగ్గింజంత రాయి.

"నువ్వు చదివింది రాళ్ల చదువే కదరా, చూసి చెప్పు" అన్నాడు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. చిన్న స్తంభంలా ఆరు పలకలున్నాయి. పలకల మీద గోటికి తగిలీ తగలనట్టు అడ్డంగా సన్నటి గీతలు. అది పలుగురాయి. వజ్రం సహజంగా ఇట్లా పెరగదు. రెండు చిన్న గోపురాలను అడుగులు కలిపి అతికించినట్టు ఎనిమిది ముఖాలతో ఉంటుంది. సాన పట్టకముందు తళతళలాడదు కూడా, నూనె చేత్తో పట్టుకున్న గాజులా జిడ్డుగా మెరుస్తుంది. ముఖాల మీద ఒక్కోసారి బుల్లి త్రికోణాల గుంటలు కనిపిస్తాయి. ఇదంతా చెబితే బావ ఒప్పుకోలేదు. "లాడ్జిలో అద్దం మీద గీశాను, గీత పడింది" అన్నాడు. పలుగురాయి కూడా అద్దాన్ని గీస్తుంది బావా, అదే వచ్చిన చిక్కు అన్నాను.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మా అక్క కాఫీ తెచ్చింది. కాఫీ సగం తాగాక బావ అడిగిన ప్రశ్న మాత్రం అసలైన ప్రశ్న. "సరే, ఇది పలుగురాయే అనుకో. అనంతపురంలో దొరుకుతాయి, కర్నూల్లో దొరుకుతాయి. స్వామికి వజ్రకిరీటం ఉంది, జ్యేష్ఠాభిషేకానికి వజ్రకవచం తొడుగుతారు. ఆయన కొండలో మాత్రం ఒక్క వజ్రమూ లేదా? మన చిత్తూరు సీమ చేసుకున్న పాపమేంది?"

దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. జవాబు చెప్పాలంటే వజ్రం గురించి కాదు, దాన్ని మోసుకొచ్చే రాయి గురించి చెప్పాలి. దాని పేరు కింబర్లైట్.

ముందు ఒక అపోహ తీసేద్దాం. కింబర్లైట్‌లో వజ్రాలు దొరుకుతాయి కాబట్టి కింబర్లైటే వజ్రాలను పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. కింబర్లైట్ కన్నతల్లి కాదు, బస్సు. వజ్రాలు అందులో ప్రయాణికులు. బస్సు బయల్దేరడానికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందే ప్రయాణికులు స్టాపులో కూర్చుని ఉన్నారు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ ఊళ్లో ఆ రాయి భూమి పైకి వచ్చింది సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట. అదే చోట దొరికిన వజ్రాల లోపలి గార్నెట్ అనే ఖనిజం నలకల వయసు లెక్కగడితే 300 కోట్ల ఏళ్లు దాటింది. ఒకే రాయిలో పక్కపక్కనే ఉన్నా, ఇద్దరి వయసులకూ పొంతనే లేదు.

ఇంకో అపోహ బొగ్గుది. బొగ్గును గట్టిగా నొక్కితే వజ్రమవుతుందని బళ్లో మాకు కూడా చెప్పారు. రెండూ కార్బనే అన్నది నిజం. కానీ సింగరేణి బొగ్గులాంటిది చెట్టూ చేమా కుళ్లి అయ్యేది. నేల మీద మొక్కలు వచ్చి 50 కోట్ల ఏళ్లు కూడా కాలేదు. వజ్రాల్లో ఎక్కువ భాగం 100 కోట్ల నుంచి 350 కోట్ల ఏళ్ల నాటివి. మనవడు తాతను కన్నాడన్నట్టుంది ఆ మాట.

మరి వజ్రాలు ఎక్కడ పుడతాయి? భూమి పైపెంకు కింద మాంటిల్ ఉంది కదా, అందులో ఎక్కువగా 150 నుంచి 200 కిలోమీటర్ల లోతున. తిరుపతి నుంచి చెన్నై ఎంత దూరమో ఇంచుమించు అంత దూరం నిట్టనిలువుగా కిందికి పోవాలి. మనిషి తవ్విన అతి లోతైన బోరు రష్యాలోని కోలాలో ఉంది, 12,262 మీటర్లు. అంటే మనం ఇంకా రేణిగుంట దగ్గరే ఆగిపోయాం, చెన్నై ఎక్కడో ఉంది. ఆ లోతులో పీడనం మన మీదున్న గాలి పీడనానికి 45 వేల రెట్లకు పైన, వేడి 900 నుంచి 1300 డిగ్రీల దాకా. అక్కడ కార్బన్‌కు వజ్రంగా ఉండటమే హాయి. పైకి వచ్చిందంటే మాత్రం గ్రాఫైట్‌గా, అంటే పెన్సిల్ ముల్లుగా ఉండటమే దానికి ఇష్టం.

అందుకే ప్రయాణం నిదానంగా సాగితే వజ్రం దక్కదు. దారిలో పీడనం తగ్గుతూ, వేడి మాత్రం అట్లాగే ఉంటే కొంత గ్రాఫైట్ అయిపోతుంది, కొంత శిలాద్రవంలో కరిగిపోతుంది. మామూలు అగ్నిపర్వతాల్లో లావా దారిలో గదులు గదులుగా ఆగుతూ, ఏళ్ల తరబడి విశ్రాంతి తీసుకుంటూ వస్తుంది. అది ప్రతి ఊళ్లో ఆగే పల్లెవెలుగు. కింబర్లైట్ నాన్‌స్టాప్. అది సెకనుకు 4 నుంచి 20 మీటర్ల వేగంతో పైకి వస్తుందని ఒక అంచనా. లెక్క వేస్తే గంటకు సుమారు 15 నుంచి 70 కిలోమీటర్లు. మన చెన్నై బస్సు వేగమే. కిందున్న వజ్రం కొన్ని గంటల్లో పైకి వచ్చేస్తుంది. గ్రాఫైట్‌గా మారడానికి దానికి టైం చాలదు. పైకి వచ్చి చల్లబడ్డాక ఇక మారే ఓపిక ఉండదు, అట్లాగే గడ్డకట్టిపోతుంది. పెళ్లికూతురి ముక్కుపుడకలో మెరిసేది నిజానికి రూపం మార్చుకునే అవకాశం తప్పిపోయిన కార్బన్.

ఇంత బరువైన రాళ్లను ఎత్తుకుని అంత వేగంగా ఎట్లా వస్తుంది? గోలీ సోడా గుర్తు తెచ్చుకోండి. గోలీ నొక్కగానే అప్పటిదాకా నీళ్లలో కరిగి దాక్కున్న గ్యాస్ ఒక్కసారిగా నురగై ఎగజిమ్ముతుంది. కింబర్లైట్ శిలాద్రవంలో బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి విపరీతంగా ఉంటాయి. 2012లో శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి ఇందులోని ఒక కిటుకు చూపించారు. ఆ ద్రవం పైకి వస్తూ దారిలోని మాంటిల్ రాళ్లను కరిగించుకుంటుంది. అట్లా కరిగించుకున్న కొద్దీ దానిలో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, పెరుగుతుంది. సిలికా పెరిగితే గ్యాస్‌ను పట్టి ఉంచుకునే శక్తి తగ్గుతుంది. గ్యాస్ విడివడి నురగవుతుంది, నురగ తేలిక కాబట్టి ఇంకా పైకి తోస్తుంది. తింటున్న కొద్దీ వేగం పెరిగే బస్సన్నమాట.

నేల దగ్గరికి వచ్చేసరికి అది పేలుతుంది. పేలిన చోట ముల్లంగి దుంపలాంటి గొట్టం మిగులుతుంది, పైన వెడల్పు, కిందికి పోను పోను సన్నం. దాన్నే పైపు అంటారు. ఈ పేలుడును చూసి రాసిపెట్టిన మనిషి లేడు. టాంజానియాలోని ఇగ్విసి కొండల్లో జరిగినదే అన్నిటికంటే కొత్తది, అదీ పది పన్నెండు వేల ఏళ్ల నాటి మాట.

రాయికి ఆ పేరు కింబర్లీ ఊరి నుంచి వచ్చింది. 1871లో అక్కడ ఒక చిన్న గుట్ట మీద వజ్రాలు దొరికాయని వేలమంది ఎగబడ్డారు. 1914 వచ్చేసరికి గుట్ట మాయమై, దాని చోట పలుగు పారలతో తవ్విన 240 మీటర్ల గొయ్యి తేలింది. 2 కోట్ల 25 లక్షల టన్నుల మట్టీ రాయీ తీస్తే వచ్చిన వజ్రాలు 2,722 కిలోలు. భాగిస్తే టన్నుకు గ్రాములో ఎనిమిదో వంతు కూడా లేదు.

ఆ తవ్వకంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. పైన ఉన్నదంతా మెత్తటి పసుపు మట్టి. వజ్రాలు దండిగా దొరికాయి. కొంత లోతు పోయాక పసుపు మట్టి అయిపోయి, గట్టి నీలిరంగు రాయి తగిలింది. ఇక వజ్రాలు అయిపోయినట్టే అనుకుని చాలామంది తమ వాటాలు అగ్గువకు అమ్ముకుని పోయారు. కానీ ఆ నీలిరాయే అసలు కింబర్లైట్. పసుపు మట్టి అన్నది ఎండకూ వానకూ నాని మెత్తబడిన దాని పైపొర మాత్రమే. ఓపిక పట్టి వాటాలు కొన్నవాళ్లు కోటీశ్వరులయ్యారు. ఆ నీలిరాయిని పగలగొట్టడానికి వాళ్లు మొదట్లో యంత్రాలు కూడా వాడలేదు. మనవాళ్లు వేరుశనక్కాయలు ఆరబోసినట్టు మైదానాల్లో పరిచి నెలల తరబడి ఎండకూ వానకూ వదిలేశారు. దానంతట అదే పొడి అయింది. తరవాత గ్రీజు పూసిన బల్లల మీద నీళ్లతో పారిస్తే మిగతా రాళ్లన్నీ జారిపోయి వజ్రాలు మాత్రం గ్రీజుకు అంటుకునేవి, వజ్రానికి నీళ్లు అంటవు, జిడ్డు అంటుతుంది కాబట్టి.

ఈ మెత్తబడే గుణమే మన రాయలసీమలో వజ్రాల వేటకు కారణం. అనంతపురం జిల్లా వజ్రకరూరు, లత్తవరం చుట్టుపక్కల కింబర్లైట్ పైపులున్నాయి. అవి పేలి సుమారు 110 కోట్ల ఏళ్లయింది. అప్పటి నుంచి ఎండా వానా వాటి తలలు అరగదీస్తూనే ఉన్నాయి. రాయి మట్టయి కొట్టుకుపోయింది. వజ్రం మాత్రం అంత సులువుగా అరగదు. వాగుల్లో, వంకల్లో, చేలల్లో అక్కడక్కడా ఆగిపోయింది. తొలకరికి పైమట్టి కొట్టుకుపోతే ఒకటీ అరా బయటపడతాయి. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర వైపు జూన్ వచ్చిందంటే జనం సద్దిమూటలతో దిగేది అందుకే. కృష్ణ ఒడ్డున కోహినూర్ పుట్టినిల్లని పేరున్న కొల్లూరు గనులు కూడా కింబర్లైట్ పైపులు కావు, ఏరు మోసుకొచ్చి పోగేసిన గులకరాళ్ల పొరలే. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

ఇక బావ ప్రశ్నకు వద్దాం. చిత్తూరుకు ఏం తక్కువైంది?

వజ్రాల బస్సు ఎక్కడ పడితే అక్కడ ఆగదు. 1966లో క్లిఫర్డ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒక సంగతి గమనించాడు. వజ్రాలున్న కింబర్లైట్లు దాదాపు అన్నీ 250 కోట్ల ఏళ్లకు పైబడిన అతి పాత నేలల్లోనే ఉన్నాయి. అట్లాంటి పాత నేల ముక్కను క్రేటాన్ అంటారు. దవడపన్నుకు వేరు దిగినట్టు దాని కింద మాంటిల్‌లోకి 200 కిలోమీటర్ల దాకా చల్లటి వేరు దిగి ఉంటుంది. వజ్రానికి కావలసింది అదే, పీడనం ఎక్కువ, వేడి మరీ ఎక్కువ కాదు. కొత్త నేలల కింద అంత లోతుకు పోతే వేడి హద్దు దాటుతుంది.

ఈ పరీక్షలో చిత్తూరు పాసే. మనం నిలుచున్నది ధార్వాడ్ క్రేటాన్ మీదే. కర్ణాటకలో సగానికి పైగా, అనంతపురం, చిత్తూరు అన్నీ ఒకే పాత పలక. కోలారు బంగారం పట్టీ మన కుప్పం వైపు చిగురుగుంట దాకా వచ్చింది. బంగారం ఇచ్చిన నేల వజ్రం ఇవ్వకపోవడానికి కారణం నేల వయసు కాదు. పాత నేల ఉంటే స్టాపు ఉన్నట్టు, అంతే. స్టాపు ఉన్నంత మాత్రాన బస్సు రావాలని లేదు. దక్షిణాదిన తెలిసిన పైపుల గుంపులు అనంతపురం, నారాయణపేట, రాయచూరు వైపే ఉన్నాయి. మనం ఈ పలకకు దక్షిణపు అంచులో ఉన్నాం. కుప్పం దాటి కృష్ణగిరి, ధర్మపురి వైపు పోతే నేల తీరే మారిపోతుంది.

అట్లాగని మన వైపు భూగర్భం నుంచి ఏ బస్సూ రాలేదని కాదు. బోలెడన్ని వచ్చాయి. కుప్పం, పలమనేరు వైపు గుట్టల మీద నల్లటి గుండ్లు గోడ కట్టినట్టు వరసగా కిలోమీటర్ల కొద్దీ పోవడం చూసే ఉంటారు. అవి డోలరైట్ డైకులు. నేల చీలితే ఆ చీలికలోకి ఎక్కి గడ్డకట్టిన శిలాద్రవం. క్వారీల్లో కోసి నల్ల గ్రానైట్ అని అమ్మేది వీటినే, గ్రానైట్‌తో వాటికి చుట్టరికం లేకపోయినా. అవీ మాంటిల్ నుంచి వచ్చినవే, కానీ వజ్రాలు ఉండే లోతు నుంచి కాదు, చాలా పైనుంచి. చెన్నైలో ఎక్కాల్సిన ప్రయాణికుల కోసం పుత్తూరులో బయల్దేరిన బస్సును వెతికితే ఏం లాభం?

తిరుమల కొండ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. అలిపిరిలో నిలబడి పైకి చూడండి. కింద గుండ్రటి గ్రానైట్ గుండ్లు. పైన కోటగోడలా పొరలు పొరలుగా ఎర్రటి రాయి. ఆ ఎర్రది నగరి క్వార్ట్‌జైట్, ఒకప్పటి సముద్రపు ఇసుక గట్టిపడి అయిన రాయి. ఈ రెంటినీ విడదీసే గీత ఘాట్ రోడ్డులో స్పష్టంగా కనిపిస్తుంది. భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. గీత కింది గ్రానైట్ వయసు 210 కోట్ల ఏళ్లకు పైన, గీత పైని రాయి వయసు సుమారు 160 కోట్లు. మధ్యలో 50 కోట్ల ఏళ్ల చరిత్ర పేజీలు చించేసినట్టు మాయం. డిగ్రీలో మా మాస్టారు అక్కడికి తీసుకెళ్లి, "ఇక్కడ బొటనవేలు, అక్కడ చూపుడువేలు పెట్టండ్రా" అన్నారు. నా రెండు వేళ్ల మధ్య జానెడు కూడా లేదు.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. కొండ రాయి 160 కోట్ల ఏళ్ల నాటిది. వజ్రకరూరు పైపులు పేలింది 110 కోట్ల ఏళ్ల కిందట. అనంతపురంలో బస్సు దిగేసరికి మన ఏడుకొండల ఇసుక ఎప్పుడో పరుచుకుని రాయైపోయింది. తరవాత వచ్చిన వజ్రం అంతకుముందే గట్టిపడిన ఇసుకలోకి ఎట్లా దూరుతుంది? అదే బనగానపల్లె దగ్గరి గులకరాళ్ల పొరల్లో వజ్రాలు దొరికాయంటే, ఆ పొరలు కర్నూలు శిలాసమూహంలోవి, మన కొండ రాయి కంటే చిన్న వయసువి. వాటిలోని వజ్రాలు సరిగ్గా ఏ పైపు నుంచి కొట్టుకొచ్చాయన్నది శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తెగని వాదన. కానీ వరస మాత్రం కుదురుతుంది, ముందు వజ్రం పైకి రావాలి, తరవాతే ఇసుక దాన్ని కప్పుకోవాలి. శేషాచలంలో ఆ వరస తిరగబడింది. కొండ ముందు పుట్టింది. స్వామి వజ్రాలన్నీ భక్తులు మోసుకొచ్చినవే. కృష్ణదేవరాయలు 1513లో సమర్పించిన నవరత్న కిరీటం కూడా అట్లా ఎక్కివచ్చినదే.

ఇది విని బావ కొంచెం చల్లబడ్డాడు. కానీ వేట మానేస్తానని మాత్రం అనలేదు. అందుకని ఆయనకు పనికొచ్చే ముక్క ఒకటి చెప్పాను. పైపులు వెతికే కంపెనీలు వజ్రాల కోసం వెతకవు. మంచి పైపులో కూడా టన్నుకు ఒక క్యారెట్, అంటే గ్రాములో అయిదో వంతు ఉంటే గొప్ప. మూడు టన్నుల ట్రాక్టర్ లోడు రాయి పొడి చేస్తే అర గ్రాము చిల్లర. ప్రపంచంలో కింబర్లైట్లు ఆరేడు వేలు తెలిస్తే, వజ్రాలున్నవి వెయ్యి దాకా, గని పెట్టి గిట్టుబాటైనవి అరవై చిల్లర. అప్పుడప్పుడూ లాటరీ తగులుతుంది. 1905లో దక్షిణాఫ్రికా పైపులో దొరికిన కల్లినన్ వజ్రం 3,106 క్యారెట్లు, 621 గ్రాములు. శ్రీవారి లడ్డూలు మూడున్నర తూగుతుంది. లాటరీని నమ్ముకుని కంపెనీ నడవదు కదా.

అందుకే వాళ్లు బస్సులోని మిగతా ప్రయాణికులను పట్టుకుంటారు. ఒక వజ్రానికి వేల కొద్దీ తోడుంటాయి. దానిమ్మగింజ రంగు పైరోప్ గార్నెట్, పచ్చటి క్రోమ్ డయాప్సైడ్, నల్లటి ఇల్మెనైట్. ఇసుకలో వాటిని జల్లెడపట్టి, ఎటు పోతే ఎక్కువ దొరుకుతున్నాయో చూసుకుంటూ వాగు వెంబడి ఎగువకు నడుస్తారు. కెనడాలో ఇట్లా ఏళ్ల తరబడి నడిచి 1991లో మంచు నేలలో పైపు పట్టుకున్నారు. బోట్స్‌వానాలో ఇంకా చిత్రం. అక్కడ పైపులు కలహారి ఇసుక కింద కప్పుకుపోయి ఉన్నాయి. చెదలు లోతు నుంచి మట్టి తెచ్చి పుట్టలు పెడతాయి కదా, ఆ మట్టితో పాటే గార్నెట్ నలకలూ పైకి వచ్చాయి. పుట్టలో వెతికితే పెన్నిధి దొరుకుతుందని తిరుపతి వాళ్లకు వేరే చెప్పాలా!

నన్నడిగితే ఆ తోటి ప్రయాణికులే అసలు సిరి. మనిషి బోరు 13 కిలోమీటర్లు దాటలేదు. 150 కిలోమీటర్ల కింద ఏముందో చేత్తో పట్టుకుని చూడాలంటే ఇట్లాంటి రాయి మోసుకొచ్చిన ముక్కలే దిక్కు. వజ్రం లోపల నలక ఉంటే నగల షాపులో దోషం అంటారు, ధర తగ్గిస్తారు, కాకిపాదం ఉంది, అచ్చిరాదు అని తిప్పి పంపేవాళ్లూ ఉన్నారు. ఆ నలకతోనే వజ్రం వయసు తెలిసింది. 2014లో బ్రెజిల్ వజ్రం ఒకదానిలో రింగ్‌వుడైట్ అనే ఖనిజం నలక దొరికింది. 500 కిలోమీటర్లకు పైగా లోతున ఉండే ఖనిజం అది, దానిలో నీళ్లున్నాయి. భూమి లోపల అంత లోతున రాళ్లలో నీరు దాగి ఉందని చేతికందిన సాక్ష్యం ఆ పనికిరాని వజ్రమే ఇచ్చింది.

ఈ ఏడు కూడా బావ జొన్నగిరి వెళ్లాడు. మూడో రోజు సాయంత్రం ఫోన్ చేశాడు. వెనకాల వాన చప్పుడు, మనుషుల కేకలు.

"ఒరేయ్, నువ్వు చెప్పినట్టే ఎర్రటి నలకలు దొరికాయి. దానిమ్మగింజల్లా ఉన్నాయి. గుప్పెడు ఏరాను."

"మంచిది బావా. కానీ మామూలు రాళ్లలోనూ ఎర్ర గార్నెట్లు ఉంటాయి. ల్యాబ్‌లో క్రోమియం ఎంతుందో చూస్తే గానీ అది పైరోపో కాదో తేలదు."

"అదంతా సరే. షాపులో ఎంతిస్తారు?"

"ఏమీ ఇవ్వరు."

కాసేపు వాన చప్పుడే వినిపించింది. తరవాత, "చార్జింగ్ అయిపోతా ఉంది, మళ్లీ చేస్తా" అని పెట్టేశాడు.